గంట మోగితే క్లాసులు లేవు

అమెరికా తూర్పు తీరాన, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల వాళ్ళెవరికీ ఒహాయోతో పని లేదు. చికాగోకో డెట్రాయిట్‌కో కార్లో వెళ్ళేటప్పుడు పెట్రోలు పోయించుకుని దాటిపోయే రాష్ట్రం అది. ఆ రాష్ట్రానికి దక్షిణపు కొసన, కొండల మధ్య, మ్యాపు మీద వేలు పెట్టి వెతికితే గానీ దొరకని ఒక ఊరికి ఈ అక్టోబరులో వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన మురళి, మా రెండున్నరేళ్ళ హాసిని. ఆ ఊళ్ళో ఒక ఆసుపత్రి, ఒక చిన్న క్రైస్తవ కాలేజీ తప్ప చూడటానికి ఏమీ లేవు. అయినా వచ్చిన దగ్గర్నుంచీ కనిపించిన వాళ్ళందరికీ దాని గురించే చెబుతున్నాను. చెప్పింది చాలక, పాప పడుకున్నాక ఇలా రాయడానికి కూర్చున్నాను.

ఎందుకు వెళ్ళామో ముందే చెప్పాలి. మురళి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు డిసెంబరుతో అయిపోతుంది. కంపెనీ వాళ్ళు రెండు ఊళ్ళు చూపించి ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. ఒకటి అరిజోనాలోని చాండ్లర్. అక్కడ నా స్నేహితురాలు స్వప్న ఉంది, గుడి ఉంది, వీధికో తెలుగు కుటుంబం ఉంది. రెండోది ఈ ఒహాయో ఊళ్ళోని ఆసుపత్రి. అక్కడ మనవాళ్ళెవరూ లేరు. కానీ అక్కడి కాలేజీలో సైన్సు టీచర్లను తయారుచేసే ఏడాది కోర్సు ఉంది. ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళ కుటుంబాలకి ఫీజు తగ్గిస్తారు. పెళ్ళికి ముందు నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పేదాన్ని. ఇక్కడ నా వీసాకి ఉద్యోగం చేయడం కుదరదు, చదువుకోవడం కుదురుతుంది. మూడేళ్ళుగా రెండూ చేయలేదు.

హాసినికి ఇంకా మాటలు సరిగా రాలేదు. నా చంక దిగదు. దాన్ని ఎవరి దగ్గరైనా ఒక పూట వదలగలనా అన్నది నాకు కోర్సు కంటే పెద్ద పరీక్ష. చూసి తేల్చుకుందాం, సోమవారానికల్లా ఆఫీసుకి చెప్పాలి అన్నారు మురళి. బుధవారం పొద్దున బయల్దేరాం.

పెన్సిల్వేనియా కొండల్లో

ఆకులు రంగు మారే రోజులు. కొండలన్నీ కుంకుమ, పసుపు కలిపి చల్లినట్టున్నాయట. మురళి డ్రైవ్ చేస్తూ "సుధా, కుడి పక్కకి చూడు, ఎడమ పక్కకి చూడు" అని చెబుతూనే ఉన్నారు. నేను వెనక సీట్లో పాప పక్కన ప్లాస్టిక్ కవరు పట్టుకుని కూర్చున్నాను. మలుపుల్లో దానికి వాంతులవుతాయి. అమెరికా జనం డబ్బు పెట్టి చూసొచ్చే ఆ ఆకుల్లో నేను చూసింది, కవరు పారేయడానికి కారు దిగినప్పుడు కనిపించిన నాలుగు చెట్లు.

మధ్యాహ్నం హైవే పక్కన ఒక విశ్రాంతి స్థలంలో చెక్క బల్ల మీద పులిహోర విప్పాం. పక్క బల్ల దగ్గర ఒక లారీ డ్రైవరు శాండ్‌విచ్ తింటున్నాడు. అరవై దాటిన మనిషి. మా గిన్నె వైపే చూస్తుంటే కాగితం ప్లేట్లో కొంచెం పెట్టిచ్చాను. ఎండుమిరపకాయల్ని మర్యాదగా ఒక పక్కకి జరిపి మిగతాదంతా తిన్నాడు. ఎక్కడికి అని అడిగాడు. చెప్పాను.

"ఆ కాలేజీనా? మా చెల్లెలు చదివింది అక్కడే. మంచివాళ్ళు. కాఫీ మాత్రం తాగకండి."

"ఎందుకు?"

"మంచివాళ్ళకి కాఫీ పెట్టడం రాదు," అని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఆంటీ

చీకటి పడేవేళకి ఊరు చేరాం. మోటెల్‌లో గదికి యాభై ఎనిమిది డాలర్లు. కౌంటర్ వెనక నుదుట బొట్టు పెట్టుకుని ఒక గుజరాతీ ఆవిడ కూర్చుని ఉంది. ప్లెయిన్స్‌బరోలో మనవాళ్ళు కనబడితే తలతిప్పుకుని పోయేదాన్ని, అక్కడ ఆవిణ్ణి చూడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మా పేర్లు అడగలేదు. "వెజిటేరియనా?" అని అడిగి లోపలికి వెళ్ళి మెంతికూర రొట్టెలు, మజ్జిగ తెచ్చింది.

"ఈ ఊళ్ళో మనవాళ్ళు ఉన్నారా ఆంటీ?" అన్నాను.

"ఉన్నాను కదా," అంది.

రొట్టెలు తింటుండగా చాండ్లర్ నుంచి స్వప్న ఫోన్ చేసింది. స్వప్నది కరీంనగర్.

"ఏందే, ఆ కొండలల్ల ఏమున్నదని పోయినవ్? మా ఎనక అపార్ట్‌మెంట్ ఖాళీ అయింది. పిల్లలిద్దరు కలిసి ఆడుకుంటరు, మనం కలిసి వండుకుందం. ఆడ జొరమొస్తె చూసేటోళ్ళెవరు నీకు?"

రొట్టెలు చల్లారుతున్నాయని ఫోన్ పెట్టేశాను. అత్తయ్యగారైతే అంతకు ముందు రోజే ఫోన్లో ఇంకొకటి అడిగారు. "యేసుప్రభువు కాలేజీ అంటున్నావు. చేరాక నీ పేరు మార్చరు కదమ్మా?"

రెండు తలుపులు, ఒకే గది

గురువారం కాలేజీ చూశాం. మొత్తం కాలేజీ ఒక కొండ వాలు మీద ఉంది. అటు చివరి నుంచి ఇటు చివరికి పాపని ఎత్తుకునే నడిచేయొచ్చు. మాకు చూపించడానికి హానా అనే అమ్మాయిని పంపారు. మూడో ఏడు చదువుతోంది, రైతుల పిల్ల. మా వైపు తిరిగి మాట్లాడుతూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. ఎక్కడ పడుతుందోనని నాకు భయం. నేను రెండుసార్లు "మెట్టు, మెట్టు" అన్నాక నవ్వి, "నాకు మా అమ్మ కూడా ఇలా చెప్పదు" అంది.

కాలేజీ పెట్టింది కూడా రైతులేనట. ఆడంబరం గిట్టని ఒక చిన్న క్రైస్తవ శాఖ వాళ్ళు బండ్లు కట్టుకుని ఈ కొండల్లోకి వచ్చి, తమ పిల్లలకి లాటిన్‌తో పాటు నాగలి పట్టడమూ రావాలని ఈ బడి మొదలుపెట్టారు. మొదటి భవనానికి ఇటుకలు విద్యార్థులే చేసి కాల్చారు. గోడ మీద ఒకచోట హానా నా చెయ్యి పట్టుకుని పెట్టించింది. తడి ఇటుకని ఎత్తినప్పుడు పడిన వేళ్ళ గుంటలు. నా వేళ్ళు సరిగ్గా పట్టాయి.

"ఆడపిల్ల వేళ్ళు అంటారు," అంది హానా.

ఆ భవనానికి ముందు వైపు రెండు తలుపులు. ఒకటి మగవాళ్ళకి, ఒకటి ఆడవాళ్ళకి. మన ఊళ్ళలోలా రెండు గదులు ఉంటాయనుకుని ఒక దాంట్లోంచి నేను, ఇంకోదాంట్లోంచి మురళి వెళ్ళాం. లోపల ఒకే గదిలో ఎదురెదురుగా నిలబడ్డాం. ఊరి పెద్దలు ఆడపిల్లలు విడిగా ఉండాలని పట్టుబట్టారట. పంతుళ్ళు సరేనని రెండో తలుపు పెట్టించి, పాఠం మాత్రం అందరికీ ఒకేచోట చెప్పారట.

ఒకసారి చలికాలంలో సగం కాలేజీ కాలిపోయింది. మర్నాడు రైతుల పశువుల కొట్టాల్లో క్లాసులు జరిగాయి. "ఒక్క రోజు కూడా మానలేదు," అని హానా తను అక్కడుండి చదివినట్టే గొప్పగా చెప్పింది.

ఇప్పటికీ మగపిల్లలు ఆడపిల్లల హాస్టల్లోకి సాయంత్రం కొంతసేపే రావాలి, తలుపు తీసి ఉంచాలి. మద్యం, సిగరెట్టు లేవు. మురళి నా చెవిలో, "ఇంత దూరం అమెరికా వచ్చి మళ్ళీ విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో పడ్డాం" అన్నారు.

లైబ్రరీలో ఒక అద్దాల బీరువా ఉంది. వెనకటి రోజుల్లో ఇక్కడ చదివి దేశదేశాల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళిన వాళ్ళు తెచ్చిన వస్తువులు అందులో పెట్టారు. కింద అరలో ఒక ఇత్తడి చెంబు, బిగించే మూతతో. పక్కన అట్ట మీద "దక్షిణ భారతదేశపు పూజా పాత్ర" అని ఉంది.

"పూజకి కాదిది, మరచెంబు," అన్నాను. "రైల్లో మంచినీళ్ళు తీసుకెళ్ళడానికి. మా అమ్మమ్మకి ఉండేది."

హానా అట్ట మీది అక్షరాలు మళ్ళీ చదివింది. "ఏటా కొత్తగా చేరిన వాళ్ళని ఇక్కడ నిలబెట్టి, దీన్ని గౌరవంగా చూడమని చెబుతుంటాం," అంది.

"చూడండి. తప్పేముంది. వేసవిలో రైలెక్కితే మేమూ అలాగే చూసేవాళ్ళం."

తాళం లేని సంచులు

మధ్యాహ్నం భోజనశాలకి తీసుకెళ్ళింది. మనిషికి ఏడు డాలర్లు, ఎంతైనా తినొచ్చు. తలుపు బయట పొడుగాటి చెక్క అరలున్నాయి. పిల్లలు పుస్తకాల సంచులు, కంప్యూటర్లు, కోట్లు అక్కడ పడేసి లోపలికి పోతున్నారు. కాపలా లేదు, తాళాలూ లేవు. హానా నా హ్యాండ్‌బ్యాగ్ కూడా అక్కడ పెట్టమంది. అందులో మా పాస్‌పోర్టులున్నాయి. గుంటూరు హాస్టల్లో నేను స్నానం బకెట్‌కి గొలుసు కట్టి తాళం వేసుకున్న మనిషిని. పెట్టలేకపోయాను. ఒక చేత్తో బ్యాగూ ఒక చేత్తో పాపనీ పట్టుకుంటే ప్లేటు ఎవరు పట్టుకోవాలో తెలియలేదు. మురళి రెండు ప్లేట్లు మోశారు.

తినే ముందు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. మా బల్ల దగ్గర ఒక కుర్రాడు నా వైపు చెయ్యి చాచి, నేను తటపటాయిస్తుంటే, "అక్కర్లేదండీ, మీరు పాపని పట్టుకున్నారు కదా, అదే చాలు" అన్నాడు. శాకాహారులకి ఉన్నవి చీజు వేసిన మెకరోనీ, ఉడికించిన బీన్సు. ఉప్పు కూడా వేయలేదు. లారీ ఆయన మాట గుర్తున్నా కాఫీ తాగి చూశాను. ఆయన అబద్ధం చెప్పలేదు. తిన్న పళ్ళేలు కడిగేది కూడా విద్యార్థులే. కాలేజీ అధ్యక్షుడి కొడుకూ వంతు ప్రకారం గిన్నెలు తోముతాడట.

గంట

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఎడ్యుకేషన్ విభాగం పెద్ద, డాక్టర్ రూత్ అనే ఆవిడతో నా ఇంటర్వ్యూ. మురళి నన్నూ పాపనీ దింపి ఆసుపత్రి ఆఫీసు చూడటానికి వెళ్ళారు. మేము రెండో అంతస్తులో ఆవిడ గది ముందు బెంచీ మీద కూర్చున్నాం. చెప్పవలసిన జవాబులు లోపల్లోపల అనుకుంటున్నాను.

ఉన్నట్టుండి గంట మొదలైంది. ఒకటి రెండు దెబ్బలు కొట్టి ఆగే గంట కాదు. ఆగకుండా, చెవులు గింగురుమనేలా. వెంటనే తలుపులన్నీ ధడాలున తెరుచుకున్నాయి. పిల్లలు అరుచుకుంటూ మెట్ల మీద నుంచి కిందికి పరుగు. రాత్రి బట్టలతో ఒకడు, చెప్పుల్లేకుండా ఒకతె. ఎక్కడో డబ్బాలు బాదిన శబ్దం. "పరుగెత్తండి, పరుగెత్తండి" అని ఎవరో కేక.

ఈ దేశంలో కాలేజీల్లో జరిగే కాల్పుల గురించి టీవీలో చూసిన వార్తలన్నీ ఒక్కసారి నా ఒంట్లోకి వచ్చేశాయి. నేను పరుగెత్తలేదు. పాపని ఎత్తుకుని ఆడవాళ్ళ టాయిలెట్‌లో దూరి, చివరి గదిలో గడియ పెట్టుకుని, కాళ్ళు బయటికి కనబడకుండా పైకి ముడుచుకుని కూర్చున్నాను. హాసిని నోటి మీద చెయ్యి పెట్టాను. ఇంకో చేత్తో మురళికి ఫోన్ చేశాను.

"కాలేజీలో ఏదో జరిగింది. అందరూ పారిపోతున్నారు. మేం బాత్‌రూములో ఉన్నాం," అన్నాను గుసగుసగా.

"కదలకు, వస్తున్నా," అన్నారాయన.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గంట ఆగింది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. తలుపు కింద ఎర్రటి రబ్బరు బూట్లు కనిపించాయి.

"సుధగారూ? నేను హానాని. మీ ఆయన ఆఫీసుకి ఫోన్ చేశారు. మీరు బాగానే ఉన్నారా?"

గడియ తీశాను. హానా చేతిలో ఖాళీ బుట్ట, నెత్తిన గడ్డి టోపీ. నన్ను చూసి ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"అయ్యో, నేను నిన్ననే చెప్పాల్సింది. మా అందరికీ తెలుసు కాబట్టి, మీకు తెలియదని తోచనే లేదు. ఈ రోజు బెల్ డే."

టాయిలెట్ మధ్యలో నిలబడి మిగతాదంతా చెప్పింది. కాలేజీ తన తోటలో పండించుకున్నదే తిని బతికిన రోజుల్లో ఒకసారి మంచు ముందుగానే పడబోతోందని తెలిసి, అధ్యక్షుడు గంట కొట్టి క్లాసులు ఆపించి అందరినీ ఆపిల్ పళ్ళు కోయడానికి పంపాడట. కొట్టం క్లాసుల కాలంలో కూడా ఒక్క రోజు మానని కాలేజీ ఏటా ఈ ఒక్క రోజు మానుతుంది. ఏ రోజన్నది అధ్యక్షుడికి తప్ప ఎవరికీ తెలియదు. అక్టోబరు వచ్చిందంటే పిల్లలు హోంవర్కు చేయడం మానేసి ఆకాశం వంక చూస్తుంటారట.

ఇంతలో మెట్లు ఎక్కుతూ మురళి వచ్చారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆయన ఆడవాళ్ళ టాయిలెట్ గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చో లేదో తెలియక అక్కణ్ణుంచే "ఉన్నారా ఇద్దరూ?" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. హాసిని పైకప్పు వైపు చూపించి "టంగ్" అంది. ఇంకా కావాలట.

"నా ఇంటర్వ్యూ?" అన్నాను.

"డాక్టర్ రూత్ తోటలో ఉన్నారు," అంది హానా. "రమ్మన్నారు."

తోటలో

ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేసి తెచ్చుకున్న ప్యాంటూ కోటూ వేసుకుని, కొండ మీది ఆపిల్ తోటకి ట్రాక్టరు వెనక గడ్డి మీద పాపతో కూర్చుని వెళ్ళాను. మురళి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టర్ రూత్ ఒక నిచ్చెన మీద ఉన్నారు. యాభై అయిదేళ్ళుండొచ్చు. పొట్టి జుట్టు, మగవాళ్ళ చొక్కా.

"మిమ్మల్ని భయపెట్టామని విన్నాను. క్షమించండి," అంటూ దిగారు. "ఇంటర్వ్యూ ఇంకో రోజు పెట్టుకుందామా?"

ఇంకో రోజంటే మాకు లేదు. సోమవారం సంగతి చెప్పాను. ఆవిడ చుట్టూ చూసి, "అయితే ప్రశ్నలు వద్దు. మీరు టీచరు కదా, వీళ్ళకి ఏదైనా చెప్పండి" అన్నారు. చెట్టు కింద పదిమంది పిల్లలు కూర్చుని ఆపిల్ కొరుకుతున్నారు.

బెంచీ మీద అనుకున్న జవాబులన్నీ ఎగిరిపోయాయి. మూడేళ్ళుగా నేను పాఠం చెప్పలేదు. ఇంగ్లీషులో అసలెప్పుడూ చెప్పలేదు. ఒక కుర్రాడి దగ్గర చాకు తీసుకుని ఆపిల్‌ని నిలువుగా కాకుండా అడ్డంగా కోశాను. లోపల అయిదు గదుల నక్షత్రం కనిపించింది.

"మీరు తింటున్నది పండు కాదు," అన్నాను.

నమలడం ఆపారు.

"పువ్వు కింద దాన్ని మోసే భాగం ఉంటుంది చూడండి, అది ఉబ్బి ఇలా అయింది. అసలు పండు ఈ మధ్యలోది. మీరు పారేసేది."

"అంటే పుట్టినప్పటి నుంచి నన్ను మోసం చేస్తున్నారన్నమాట," అన్నాడు చాకు ఇచ్చిన కుర్రాడు. అందరూ నవ్వారు. అక్కణ్ణుంచి ఆగలేదు. జీడిమామిడి గురించి చెప్పాను. గింజ పండు లోపల కాక బయట వేలాడుతుందంటే నమ్మలేదు. నేల మీద పుల్లతో బొమ్మ గీశాను. మీకు ఎలా తెలుసు అని ఒక పిల్ల అడిగింది. చిన్నప్పుడు బాపట్ల దగ్గర తోటల్లో దొంగతనంగా కోసుకుని తిని, గింజ కొరికి పెదాలు కాల్చుకున్నానని చెప్పాను. అది విని ఇద్దరు రాసుకున్నారు, ఎందుకో తెలియదు.

పాఠం అయ్యాక గానీ చూసుకోలేదు. హాసిని నా చంకలో లేదు. ఎప్పుడు దింపానో గుర్తు లేదు. కొంచెం దూరంలో హానా ఒళ్ళో కూర్చుని, రెండు చేతులా ఆపిల్ పట్టుకుని, గడ్డి టోపీ పెట్టుకుని ఉంది. నా వైపు చూసి, మళ్ళీ ఆపిల్‌లోకి దిగిపోయింది. దాన్ని కన్నప్పటి నుంచీ అంతసేపు నేను దాని కోసం చూడకుండా ఉండటం అదే మొదలు.

అత్తయ్యగారి ప్రశ్న డాక్టర్ రూత్‌ని అడిగేశాను, కొంచెం మెత్తగా. ఆవిడ నవ్వలేదు. "డిగ్రీ పిల్లలకి వారానికి రెండుసార్లు ప్రార్థన ఉంటుంది. మీ కోర్సుకి లేదు. వచ్చి కూర్చుంటే సంతోషం, రాకపోతే ఎవరూ అడగరు. మీ పాపని మా కాలేజీ నడిపే చిన్నపిల్లల బడిలో చేర్చొచ్చు. మీ క్లాసు కిటికీలోంచి దాని ఆటస్థలం కనిపిస్తుంది," అన్నారు.

"నాకు సీటు వస్తుందా?"

"కమిటీ చూడాలి. కమిటీలో ముగ్గురం. ఇద్దరం ఈ చెట్టు కిందే ఉన్నాం." పక్కన బుట్ట మోస్తున్న పెద్దాయన టోపీ ఎత్తాడు.

ఊరు వదిలే ముందు

శనివారం పొద్దున బయల్దేరాం. బస్తా ఆపిల్స్ పది డాలర్లకి కొని డిక్కీలో వేసుకున్నాం.  ఊరు దాటాక మురళి, "స్వప్నకి ఏం చెబుతావు?" అన్నారు.

"మీరు ఆసుపత్రి సంగతే చెప్పలేదు."

"పని బాగానే ఉంది. నాతో పనిచేసే వాళ్ళు నలుగురు. సాయంత్రం అయిదుకల్లా ఇళ్ళకి పోతారట. మనకి అలవాటు లేదు, ఏం చేస్తామో. నువ్వు చెప్పు. ఇక్కడ చలి ఎక్కువ. గుడికి పోను రాను నాలుగు గంటలు. ఆదివారం మాట్లాడదామన్నా మోటెల్ ఆంటీ తప్ప మనిషి దొరకదు."

అన్నీ నిజాలే. నేనూ అవే లెక్కపెట్టుకుంటున్నాను. జ్వరం వస్తే, మంచు పడితే, హాసిని ఏడిస్తే. ఒక్కదానికీ జవాబు దొరకలేదు. దొరికేదాకా ఆగితే ఎప్పటికీ కదలననిపించింది.

"కారు వెనక్కి తిప్పండి. కాలేజీ వెనక వీధిలో అద్దెకని బోర్డు చూశాను," అన్నాను.

తెల్ల రంగు చెక్క ఇల్లు, పై భాగం అద్దెకి. తలుపు తీసింది ఒక ముసలావిడ. అద్దె మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో సగం. రెండు గదులు, చిన్న వంటిల్లు. ఆవిడ మురళిని చూసి, "ఆసుపత్రికి వస్తున్నారా?" అంది.

"ఆయన ఆసుపత్రికి, నేను కాలేజీకి," అన్నాను.

"పాఠాలు చెప్పడానికా?"

"ముందు నేర్చుకోవడానికి."

ఆవిడ నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద మెట్టు ఎక్కుతున్న హాసినిని చూసింది. "మెట్లు నిటారుగా ఉంటాయి. పైన ఒక గేటు పెట్టిస్తాను," అంది. "ఎప్పటి నుంచి కావాలి?"

"జనవరి మొదటి వారం నుంచి," అన్నాను.

మురళి నా వైపు తిరిగి చూశారు. ఆయన ఇంకా ఆఫీసుకి ఫోన్ చేయనేలేదు.